సింగపూరా, కౌలాలంపూరా, బ్యాంకాకా? ముందు ప్రకాశం బ్యారేజీ దాటి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా తమ్ముడు మొన్న ఒక పట్టిక పంపించాడు. ట్రావెల్స్ వారు ఇచ్చిందట. సింగపూర్, మలేషియా కలిపి ఆరు రాత్రులు, ఏడు పగళ్లు, చూడవలసినవి ఇరవై రెండు. "అక్కా, ఇందులో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? అసలు ఇది మంచిదా, బ్యాంకాక్ మంచిదా?" అని అడిగాడు. వెళ్లేది ఐదుగురు: తమ్ముడు, మరదలు, పదకొండేళ్ల పెద్దవాడు, ఐదేళ్ల చిన్నది, మా అమ్మ. అమ్మకు అరవై ఎనిమిది. మోకాళ్లు సహకరించక ఇంద్రకీలాద్రికి ఇప్పుడు లిఫ్టులోనే వెళుతుంది.

ఆ పట్టికలో మూడో రోజు ఇలా ఉంది: ఉదయం పక్షుల పార్కు, మధ్యాహ్నం సెంటోసా ద్వీపం, సాయంత్రం గార్డెన్స్ బై ది బే పూలతోట, రాత్రి నైట్ సఫారీ అనే రాత్రి జూ. రాసినవారికి మా అమ్మ మోకాళ్లు తెలియవు. చిన్నది మధ్యాహ్నం మూడు దాటితే ఎక్కడున్నా నాన్న భుజం మీద పడి నిద్రపోతుందనీ తెలియదు.

నేను 2019 మే నెలలో అత్తయ్య, మామయ్యగారు, పిల్లలతో సింగపూర్, 2024 సంక్రాంతి సెలవుల్లో కౌలాలంపూర్, బ్యాంకాక్ చూసి వచ్చాను. తమ్ముడికి ఫోనులో చెప్పిందంతా ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. ఇంట్లో ముసలివాళ్లు, చిన్నవాళ్లు ఉన్నవారికి పనికొస్తుంది. కొత్తగా పెళ్లైన జంటలకు ఈ లెక్కలేవీ అక్కరలేదు.

బ్యారేజీ లెక్క

ఈ నగరాల్లో ప్రయాణం అలసట తెప్పించదు, నడక తెప్పిస్తుంది. రైళ్లు చల్లగా, వేళకు వస్తాయి. కానీ స్టేషనులో దిగాక బయటపడటానికే ఒక్కోసారి పది నిమిషాలు నడవాలి. సింగపూర్ జంతు ప్రదర్శనశాలకు వెళ్లిన రోజు సాయంత్రం ఫోనులో చూసుకుంటే ఐదు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,220 మీటర్లు. అంటే మామయ్యగారిని ఆ ఉక్కపోతలో నాలుగుసార్లు బ్యారేజీ దాటించానన్నమాట. ఆయన పల్లెత్తు మాట అనలేదు. మరునాడు మాత్రం గదిలోంచి కదలలేదు.

అప్పటి నుంచి నాకు బ్యారేజీయే కొలమానం. మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ఒక సాయంత్రం తీసుకువెళ్లి విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపు నడిపించండి. కబుర్లు చెబుతూ, మధ్యలో ఆగి కృష్ణమ్మను చూస్తూ, మరునాటికి ఒళ్లు నొప్పులు లేకుండా ఎన్నిసార్లు దాటగలరో చూడండి. విదేశంలో ఒక రోజుకు మీ కుటుంబం చేతిలో ఉన్న పెట్టుబడి అంతే. ఎంత డబ్బు పోసినా అది పెరగదు.

దాన్ని దేనిమీద ఖర్చు పెట్టాలన్నదే ఎంపిక. నా కాళ్లు చెప్పిన ధరలు ఇవి: సింగపూర్ జూ నాలుగు బ్యారేజీలు. యూనివర్సల్ స్టూడియోస్ వినోద పార్కు ఐదు దాటుతుంది, పైగా వరుసల్లో నిలబడటం వేరు. గార్డెన్స్ బై ది బే, రెండు గాజు మందిరాలతో కలిపి, రెండున్నర. బ్యాంకాక్ రాజప్రాసాదం రెండే, కానీ నీడ తక్కువ కాబట్టి మూడు కింద వేసుకోండి. కౌలాలంపూర్ బటు గుహలు ఒకటి, ఆపైన 272 మెట్లు. నైట్ సఫారీలో ట్రాము దిగకుండా కూర్చుంటే ఒకటి కూడా కాదు.

సెలవులే సగం తేల్చేస్తాయి

దేశాన్ని మనం ఎంచుకుంటామని అనుకుంటాం కానీ, బడి సెలవులే ఎంచిపెడతాయి. మనకు ఉన్నవి మూడు: దసరా, సంక్రాంతి, వేసవి.

దసరాకు మా ఇంట్లో ఆశ లేదు. అమ్మ నవరాత్రులకు గుంటూరు నుంచి మా ఇంటికి వచ్చేస్తుంది. మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి అలంకారంలో దుర్గమ్మను చూడకుండా విమానం ఎక్కమంటే నన్నే ఎక్కమంటుంది. సంక్రాంతికి ఇరుగుపొరుగు దేశాలన్నీ దాదాపు బాగుంటాయి. బ్యాంకాక్ చల్లబడుతుంది, దుబాయి హాయిగా ఉంటుంది, శ్రీలంక నైరుతి తీరం ఎండ కాస్తుంది. ఒక్క సింగపూర్‌కే నవంబరు నుంచి జనవరి దాకా వానలు ఎక్కువ. కానీ సంక్రాంతికి మరదలి పుట్టింటివారు తెనాలిలో ఎదురుచూస్తూ ఉంటారు. మిగిలింది వేసవి.

వేసవిలో దుబాయి వద్దు. మన ఎండనుంచి పారిపోయి అంతకన్నా పెద్ద ఎండలో పడటమే. అక్కడి మిరాకిల్ గార్డెన్, గ్లోబల్ విలేజ్ వంటివి వేసవి ముదిరేసరికి మూసేస్తారు. బ్యాంకాక్‌కు ఏప్రిల్ బాగా వేడిగా ఉండే నెల, ఆ తరవాత వానలు మొదలవుతాయి. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ పండుగకు వీధుల్లో ఒకరిమీద ఒకరు నీళ్లు పోసుకుంటారు. పిల్లలకు పండుగే, అమ్మకు కాదు. సింగపూర్, కౌలాలంపూర్ భూమధ్యరేఖకు దగ్గర. అక్కడ ఏడాది పొడుగునా మధ్యాహ్నం 31 నుంచి 33 డిగ్రీలు, ఎప్పుడైనా ఒక జల్లు. 44 డిగ్రీల బెజవాడ నుంచి వెళ్లినవారికి మే నెలలో అది ఊరటే. చెమట మాత్రం ధారలు కడుతుంది, జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి.

ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది, గడియారం. సింగపూర్, మలేషియా మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఇక్కడ ఆరున్నరకు లేచే పిల్లలకు అక్కడ తెల్లవారేది తొమ్మిదింటికి. చాలా హోటళ్లలో ఫలహారం పదింటికల్లా ముగుస్తుంది. పొద్దున్నే ఎనిమిదికి బస్సు ఎక్కాలన్న పట్టిక చూస్తే, మీ పిల్లలను తెల్లవారుజామున ఐదున్నరకు తయారు చేయాలని అర్థం. అదే రాత్రి తొమ్మిదన్నా వాళ్లకు ఆరున్నరే, గంతులు వేస్తూ ఉంటారు. కాబట్టి అక్కడ రాత్రి వేడుకలకు పెద్దపీట వేసి పొద్దుటివి తగ్గించండి. థాయ్‌లాండ్ గంటన్నరే ముందు, పెద్ద ఇబ్బంది ఉండదు. దుబాయి గంటన్నర వెనక, అక్కడ పిల్లలు చీకటితోనే లేచి మనల్ని లేపుతారు.

సింగపూర్: ఖరీదు ఎక్కువ, గందరగోళం తక్కువ

మూడింటిలో జేబుకు చిల్లు పడేది ఇక్కడే. హోటలు గదులు చిన్నవి, అద్దెలు పెద్దవి. వీసా కూడా కావాలి, దాన్ని అధీకృత ఏజెంట్ల ద్వారా తీసుకోవాలి. అయినా మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో మొదటిసారి విదేశం వెళ్లేవారికి నేను సింగపూర్‌నే చెబుతాను. ప్రతి రైలు స్టేషనులో లిఫ్టు, చక్రాల కుర్చీకి వాలుదారి, కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు, శుభ్రమైన మరుగుదొడ్లు ఎక్కడికక్కడ. ఆఖరిది రాయడానికి కొందరు మొహమాటపడతారు. పెద్దవాళ్లతో తిరిగినవారిని అడగండి, అన్నిటికన్నా ముందు అదే చెబుతారు.

తమ్ముడి పట్టికలోని పేర్లలో సగం సింగపూర్‌వే. జంటలుగా పెట్టి చూస్తే తేలిగ్గా తేలిపోయాయి.

జంతువులు చూడాలంటే మండాయి అడవి ప్రాంతానికి వెళ్లాలి. 1973లో తెరిచిన జూ, పాండాలుండే రివర్ వండర్స్, 1994 నాటి నైట్ సఫారీ అక్కడే ఉన్నాయి. మేము జురాంగ్‌లో చూసిన పక్షుల పార్కును 2023 జనవరిలో మూసేశారు. అదే ఏడాది మేలో దాని స్థానంలో బర్డ్ ప్యారడైజ్‌ను మండాయిలోనే తెరిచారు. నాలుగూ ఒకచోట ఉన్నాయి కదా అని ఒకే రోజు నాలుగూ చూపిస్తామంటారు. వద్దు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నైట్ సఫారీ ఒక్కటి చాలు: చల్లని వేళ, కూర్చునే చూడవచ్చు, గడియారం తేడా వల్ల పిల్లలు మెలకువగా ఉంటారు. రాత్రిపూట జంతువులను చూపే జూ ప్రపంచంలో మొట్టమొదట ఇదే. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకైతే పగటి జూ మెరుగు, ఒరాంగుటాన్లు తలమీద కొమ్మల్లో ఊగుతూ కనబడతాయి. రెండూ కావాలంటే వేర్వేరు రోజుల్లో పెట్టుకోండి.

పూలతోటలకు వస్తే గార్డెన్స్ బై ది బే, బొటానిక్ గార్డెన్స్ రెండూ ఉన్నాయి. మొదటిదాన్ని 2012లో తెరిచారు. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న ఇనుప మహావృక్షాలు, లోపల 35 మీటర్ల జలపాతం దూకే గాజు మందిరం. మందిరాలకే టికెట్టు, బయటి తోట ఉచితం. రాత్రి 7.45కు, 8.45కు ఆ చెట్లకు పాటతో పాటు దీపాలు వెలుగుతాయి, దానికీ పైసా ఇవ్వనక్కరలేదు. జనం నిలబడి మెడలు నొప్పి పుట్టేలా చూస్తారు. మీరు ఒక దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుని చూడండి. రెండోది 1859 నాటిది, 2015లో యునెస్కో జాబితాకు ఎక్కింది. ప్రవేశం ఉచితం, లోపలి ఆర్కిడ్ తోటకు మాత్రం టికెట్టు. పిల్లలు మొదటిదానికే ఓటు వేస్తారు. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ రెండోదాన్నే తలుచుకుంటుంది. బెంచీ మీద కూర్చుని, వ్యాయామం చేస్తున్న చైనా ముసలమ్మలను చూస్తూ గంటన్నర గడిపింది. ఒకామె వచ్చి పక్కన కూర్చుంటే ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ అర్థం కాలేదు.

ఎత్తుమీంచి నగరం చూడటానికి ట్రావెల్స్ వారి పట్టికలో రెండు టికెట్లు ఉన్నాయి: 165 మీటర్ల జెయింట్ వీల్ సింగపూర్ ఫ్లయర్, మెరీనా బే శాండ్స్ హోటలు పైకప్పు. ఒక్కటి చాలు. అమ్మ ఉంది కాబట్టి ఫ్లయర్. చల్లని గదిలో కూర్చుంటే అదే తిరుగుతుంది. సింహం తల, చేప ఒళ్లు ఉన్న 8.6 మీటర్ల మెర్లయన్ విగ్రహం దగ్గర ఫోటో దిగడానికి ప్రత్యేకంగా వెళ్లనక్కరలేదు. అది దారిలో పావుగంట పని.

యూనివర్సల్ స్టూడియోస్ ఒక్కటే తగాదా పెట్టింది. పెద్దవాడు అదే కావాలంటాడు. చిన్నదాన్ని పెద్ద రోలర్ కోస్టర్లు ఎక్కనివ్వరు, వాటిలో కొన్నింటికి కనీసం 122 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అమ్మకు అక్కడ పని లేదు. ఐదుగురికీ టికెట్లు కొంటే ముగ్గురి డబ్బు వృథా. ఆ ఒక్క రోజు కుటుంబం విడిపోవాలని చెప్పాను: తండ్రీ కొడుకులు స్టూడియోకు, మిగతా ముగ్గురు సెంటోసా ఇసుక తీరానికి. తీరానికి టికెట్టు లేదు. "కలిసి వెళ్లి విడిగా తిరగడమేమిటి వదినా?" అంది మరదలు. ఇక్కడ మనం భవానీ ద్వీపానికి వెళ్లినా మగపిల్లలు ఒకవైపు, అమ్మమ్మలు ఒకవైపు చేరరా?

చాంగీ విమానాశ్రయంలోని జ్యువెల్‌ను మాత్రం తీసేయకండి. గాజు గుమ్మటంలో 40 మీటర్ల నుంచి నీళ్లు దూకుతాయి. ఇంతకన్నా ఎత్తైన ఇంటిలోపలి జలపాతం ప్రపంచంలో లేదు. తిరుగు ప్రయాణం రోజున కాస్త ముందుగా చేరుకుంటే చాలు, దాని కోసం విడిగా పూట కేటాయించనక్కరలేదు.

కారు సంగతి ముందే చూసుకోండి. మామూలు టాక్సీలో నలుగురే పడతారు, ఐదుగురైతే పెద్ద బండి పిలవాలి. ఫోనులో పిలిచే ప్రైవేటు కార్లలో 1.35 మీటర్లకన్నా పొట్టి పిల్లలకు ప్రత్యేక సీటు ఉండాలన్నది చట్టం, టాక్సీలకు మినహాయింపు ఉంది. మాకిది తెలియక ఒక డ్రైవరు ఎక్కించుకోనంటే వానలో నిలబడ్డాం.

కౌలాలంపూర్: డబ్బుకు విలువ, వంటింటికి వీలు

అద్దెలు, తిండి, టాక్సీ అన్నీ సింగపూర్‌కన్నా బాగా చవక. 2023 డిసెంబరు నుంచి మనవారికి వీసా అక్కరలేదన్నారు, మేము అలాగే వెళ్లాం. ఆన్‌లైనులో ఒక ఆగమన పత్రం నింపాలి. ఇలాంటి సడలింపులకు గడువులు ఉంటాయి కాబట్టి టికెట్టు కొనే వారంలో మరోసారి చూసుకోండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వంటింటి సౌకర్యం. అపార్టుమెంటు ఫ్లాట్లు రోజుల లెక్కన అద్దెకు దొరుకుతాయి. పొయ్యి, ఫ్రిజ్, బట్టలు ఉతికే యంత్రం అన్నీ ఉంటాయి. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకన్నా తక్కువకు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, అక్కడ హోటలే గతి. పొద్దున్నే ఇంత ఉప్మా, రాత్రికి పెరుగన్నం లేనిదే నిద్రపట్టని పెద్దలు ఉంటే ఈ ఒక్క తేడా చాలు, తక్కెడ మలేషియా వైపు మొగ్గడానికి.

చూడదగ్గవి తక్కువే, అదీ మంచిదే. బటు గుహల ముందు 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ (మన సుబ్రహ్మణ్యస్వామి) విగ్రహం ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. దానివెనక 272 రంగురంగుల మెట్లు. మంగళగిరి కొండ నడిచి ఎక్కేవారికి అవి లెక్కే కాదు. అమ్మలాంటివారు కిందనే ఉండి రామాయణ గుహ చూడవచ్చు, కుంభకర్ణుణ్ని నిద్రలేపే బొమ్మల కొలువు మా పిల్లలకు మురుగన్‌కన్నా ఎక్కువ నచ్చింది. కోతులు ఉన్నాయి. చేతిలో కొబ్బరిచిప్ప, పూలసంచి ఉంటే లాక్కుంటాయి. తైపూసం పండుగ రోజుల్లో లక్షల మంది వస్తారు కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో వెళ్లేవారు తిథి చూసుకోవాలి.

452 మీటర్ల పెట్రోనాస్ జంట శిఖరాలు 1998 నుంచి 2004 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనాలు. పైకి వెళ్లే టికెట్లు వేళల వారీగా ముందే అమ్ముడుపోతాయి, సోమవారం సెలవు. నేనైతే పైకి వెళ్లకపోయినా బాధపడను. ఎక్కితే కనబడని అందమైన వస్తువు నగరం మొత్తంలో అదొక్కటే కదా! రాత్రి ఎదురుగా ఉన్న పార్కులో కూర్చుని చూడటానికి డబ్బు అక్కరలేదు.

గెంటింగ్ హైలాండ్స్ దగ్గర ప్రతి కుటుంబమూ తడబడుతుంది. సుమారు 1,800 మీటర్ల ఎత్తు, తీగలపై వెళ్లే పెట్టెల ప్రయాణం, పైన చల్లగాలి. అంతవరకు బాగుంది. మబ్బు కమ్మితే మాత్రం కిటికీలోంచి తెల్లని దూది తప్ప ఏమీ కనబడదు, పైన మిగిలేది దుకాణాలూ జూదశాలా. పిల్లలు పదేళ్లు దాటితే, ఆకాశం తేటగా ఉంటే వెళ్లండి. లేదంటే ఆ పూట కౌలాలంపూర్ పక్షుల పార్కుకు ఇవ్వండి.

బ్యాంకాక్: పెద్దలకు కథలు, పిల్లలకు పడవలు

మగవాళ్ల జట్లు వెళ్లే ఊరని మనవైపు బ్యాంకాక్‌కు ఒక పేరు పడిపోయింది. అది విని మా అత్తయ్య మొదట రానంది. రాజప్రాసాదం ఆవరణలోని ఎమరాల్డ్ బుద్ధుడి ఆలయం చుట్టూ గోడలమీద 178 భాగాలుగా చిత్రించిన రామాయణం చూశాక కదలనంది. అక్కడ దాని పేరు రామకియెన్. మన కథే, మన కథ కాదు. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాడు. సేతువు కట్టనివ్వకుండా అడ్డుపడ్డ రావణుడి కూతురు, మత్స్యకన్య, అతన్ని ప్రేమిస్తుంది. గైడు అది చెబుతుంటే అత్తయ్య ముఖం చూడాలి! "ఆంజనేయస్వామి మీద అపవాదు" అని చెంపలు వేసుకుని, మరుక్షణం "తరవాత ఏమైంది?" అని అడిగింది. రామాయణం చెవిన పడుతూ పెరిగినవారికి ఈ నగరం ఇచ్చేది సింగపూర్ ఇవ్వలేదు.

ప్రాసాదానికి విదేశీయులకు 500 బాట్ల టికెట్టు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. చీరకు, పంజాబీ డ్రెస్సుకు చిక్కు లేదు, నిక్కర్లు వేసుకున్న నాన్నలనే ఆపుతారు. గేటు దగ్గర ఎవరైనా వచ్చి "ఈ రోజు మూసేశారు, నా బండిలో వేరే గుడి చూపిస్తాను" అంటే నమ్మకండి, అది పాత ఎత్తు. పక్కనే ఉన్న వాట్ పో ఆలయంలో 46 మీటర్ల శయన బుద్ధుడు. ఉండవల్లి గుహలో పడుకున్న అనంతపద్మనాభుణ్ని చూసిన పిల్లలకు పాదాల దగ్గర నిలబడగానే తేడా అర్థమవుతుంది. అక్కడి నుంచి చావొ ఫ్రయా నదిమీద పడవ ఎక్కితే చాలు, మధ్యాహ్నం గడిచిపోతుంది. పడవలే వాళ్లకు బస్సులు, చార్జీ కొద్దిపాటిదే.

రెండో రోజుకు నీటిమీది సంతా, అయుత్తయా? సంత ఫోటోల్లోనే బాగుంటుందని నా అభిప్రాయం. వంద కిలోమీటర్లు వెళ్లి, పడవలో కూర్చుని, మళ్లీ అవే టోపీలు, అయస్కాంతం బొమ్మలు. అయుత్తయా 80 కిలోమీటర్ల దూరం. అయోధ్య పేరు పెట్టుకుని 1350 ప్రాంతంలో వెలసి, 1767లో బర్మా సైన్యం చేతిలో నేలమట్టమైన రాజధాని. రావిచెట్టు వేళ్లలో చిక్కుకున్న బుద్ధుడి శిరస్సు ముందు మా చిన్నవాడు కూడా నోరు మూసుకుని నిలబడ్డాడు. ఎండకు గొడుగు, టోపీ మరచిపోకండి.

చిక్కల్లా శాకాహారానికే. కూరగాయల వంటకం అన్నా చేప పులుసు చుక్క పడుతుంది. "జే" అని అడిగితే పూర్తి శాకాహారం అని వాళ్లకు అర్థమవుతుంది, దానిలో వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. సింగపూర్ సెరంగూన్ రోడ్డులో, కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం కళ్లముందే ఉంటుంది, అక్కడ ఈ బాధ లేదు.

శ్రీలంక గురించి రెండు మాటలు. చెన్నై నుంచి విమానం గంటన్నరే, గడియారం మార్చనక్కరలేదు, నువారా ఎలియా దగ్గర సీతమ్మ గుడి ఉంది. కానీ సిగిరియా కొండకు దాదాపు 1,200 మెట్లు, ఊళ్ల మధ్య మెలికల దారుల్లో గంటల ప్రయాణం. కారులో కడుపు తిప్పే పిల్లలుంటే ఇంకోసారి చూసుకోండి.

సంచిలో పెట్టకూడనివి

మసాలా పొడుల్లో గసగసాలు ఉన్నాయేమో చూడండి. సింగపూర్‌లో, దుబాయిలో గసగసాలు నిషిద్ధం, మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తాయి. అమ్మలు ప్రేమతో కట్టిచ్చే కూరపొడిలో అవి ఉండే అవకాశం ఎక్కువ. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి కూడా సింగపూర్‌లోకి తీసుకువెళ్లకూడదు. గోంగూర, కందిపొడి, కారప్పొడితో సరిపెట్టుకోండి. అందరి పాస్‌పోర్టులకూ కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పిల్లలవి ఐదేళ్లకే ముగుస్తాయి, తీరా టికెట్లు కొన్నాక బయటపడే సంగతి ఇదే.

ప్యాకేజీయా, సొంతంగానా?

వంటవాళ్లను వెంటబెట్టుకుని, తెలుగువాళ్లను మాత్రమే తీసుకువెళ్లే యాత్రలు ఉన్నాయి. అరవై దాటిన దంపతులు, స్నేహితులతో కలిసి వెళ్లేవారు కళ్లు మూసుకుని వాటిలో వెళ్లవచ్చు. వేళకు సాంబారు, మాట్లాడుకోవడానికి మనుషులు, దారి తప్పే భయం లేదు. చిన్నపిల్లలుంటే మాత్రం నలభై మంది బస్సు మీ పాప బాత్రూంకు వెళ్లి వచ్చేదాకా ఆగదు. సొంతంగా వెళ్లడం ఇప్పుడు కష్టమూ కాదు. విమానం, హోటలు మనం తీసుకుని, టికెట్లు మాత్రం రోజుకు ఒకటి చొప్పున కొనుక్కుంటే, ఒంట్లో బాగాలేని రోజు మానుకునే స్వేచ్ఛ ఉంటుంది. ప్యాకేజీ కొంటే దానిమీద టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా కట్టించుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు కానీ, ఆ రోజుకు చేతిలోంచి పోయే డబ్బే.

"నగరం చుట్టి చూపిస్తాం" అనే మాటకు ప్యాకేజీ పట్టికల్లో అర్థం బస్సు కిటికీలోంచి చూపిస్తామని. తమ్ముడి పట్టికలోని ఇరవై రెండింటిలో ఏడు అలాంటివే, మూడు దుకాణాలు. తీసేయగా పన్నెండు మిగిలాయి.

గన్నవరం నుంచి సింగపూర్‌కు, షార్జాకు నేరుగా విమానాలు నడిచాయి కానీ, వారంలో కొన్ని రోజులే. అవి మీ తేదీలకు కుదిరితే అమ్మకు శంషాబాదు దాకా ఐదారు గంటల కారు ప్రయాణం తప్పుతుంది, వెయ్యి రెండు వేలు ఎక్కువైనా వెనకాడకండి. అర్ధరాత్రి విమానం చవకగా దొరుకుతుంది. తెల్లవారుజామున దిగితే హోటలు గది మధ్యాహ్నం రెండు, మూడింటిదాకా ఇవ్వరు. మేము అలా ఒక పూట హోటలు వరండాలో సూట్‌కేసుల మీద కూర్చున్నాం.

ఇక మా వాళ్లు ఏం తేల్చారంటే, రెండు దేశాలు వద్దనుకున్నారు. దేశం మారిన రోజు సర్దుకోవడం, విమానాశ్రయం, మళ్లీ గది అంటూ పోతుంది. వేసవి కాబట్టి బ్యాంకాక్ వచ్చే సంక్రాంతికి వాయిదా, అప్పటికి తెనాలివారికి ఎలాగోలా నచ్చజెప్పుకోవాలి. కౌలాలంపూరా, సింగపూరా అన్నప్పుడు మరదలు వంటింటి కోసం మొదటిది అంది. అమ్మే అడ్డుపడింది. "అక్కడికి వచ్చి కూడా నువ్వు వంట చేస్తే నేనెందుకు రావడం?" అంది. ఐదు రాత్రులు సింగపూర్‌కు ఖాయమైంది.

గత ఆదివారం సాయంత్రం అందరూ విజయవాడ వచ్చారు. అమ్మను బ్యారేజీ మీద నడిపించాం. మధ్యలో రెండుసార్లు ఆగి, ఒకసారి దాటింది. అవతలి ఒడ్డున మొక్కజొన్న పొత్తు తిని, "ఇక ఆటో పిలవండి" అంది. తమ్ముడు అక్కడే నిలబడి ఫోను తీసి, పన్నెండింటిలో పగటి జూనూ బర్డ్ ప్యారడైజ్‌నూ కొట్టేశాడు. గార్డెన్స్ బై ది బే రోజుకు చక్రాల కుర్చీ అద్దెకు తీసుకుందామన్నాడు. అమ్మ ఆ మాట విననట్టు నదివైపు చూస్తూ కూర్చుంది.